అహోబిలం: ఇంతమంది రాజులు వచ్చినా ఎగువన ఊరెందుకు పెరగలేదు?

కుందూగాలి

మాది కోయిలకుంట్ల వైపు, నల్లరేగడి నేల. అహోబిలం చిన్నప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నాను కానీ ఈ మధ్యే ఒక అనుమానం పట్టుకుంది. తిరుమల కొండ కింద ఒక నగరమే లేచింది. శ్రీశైలం అడవి నడుమ ఉండి కూడా పట్నం లెక్కకి వచ్చింది. అహోబిలానికి రెడ్డిరాజుల అండ ఉంది, విజయనగర చక్రవర్తి స్వయంగా వచ్చాడు, ఒక పెద్ద వైష్ణవ మఠం ఈ పేరుతోనే నడుస్తోంది. అయినా ఎగువ అహోబిలంలో బస్సు దిగితే కనిపించేది గుడి, కొన్ని సత్రాలు, కాసిని కొట్లు. అంతే. ఎనిమిది కిలోమీటర్ల కింద దిగువ అహోబిలం మాత్రం ఊరు అనిపించుకుంటుంది, అదీ పెద్దదేం కాదు.

ఒకే క్షేత్రం ఇలా రెండు చోట్ల ఎందుకుంది? పైనున్నది ఎందుకు పెరగలేదు? స్థలపురాణం నాకు తెలుసు, దాని జోలికి పోవట్లేదు. చరిత్ర, భూగోళం తెలిసినవాళ్ళు చెప్పండి. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం: నల్లమల కొండల్లో నరసింహస్వామి క్షేత్రం, నంద్యాల జిల్లా, ఆళ్ళగడ్డ నుంచి తూర్పుగా ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండేది.

శాసనాలపిచ్చి

రాజులు వచ్చారు సరే, వాళ్ళు ఏం కట్టించారు, ఎక్కడ కట్టించారు అని చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి (1325–1353) అహోబిలానికి చేసిన పెద్ద పని మెట్లు కట్టించడం. శ్రీశైలానికీ ఆయనే కట్టించాడు. రెండు కొండలకీ సోపానాలు వేయించినవాడు అని ఆయన్ని పొగుడుకున్నారంటే, ఆ రోజుల్లో అది ఎంత కష్టమైన పనో ఊహించుకోండి. 14వ శతాబ్దంలో జనానికి కావలసింది కొత్త గుడి కాదు, ఉన్న గుడి దాకా దారి. ఆయన కాలపు కవి ఎర్రన నృసింహపురాణం రాసి నరుడికి కాక అహోబల స్వామికే అంకితమిచ్చాడు. అంటే ఊరు లేకపోయినా పేరు అప్పటికే ఉంది.

తర్వాత కృష్ణదేవరాయలు. 1515 చివర్లో, కళింగ యుద్ధాల నడుమ, ఇక్కడ ఆగాడు. హారం, మాణిక్యాల కడియాలు, బంగారు పళ్ళెం లాంటివి సమర్పించినట్టు శాసనం ఉంది. జయస్తంభం ఎక్కడుంది? దిగువన. పెద్ద మంటపాలు, మూడు ప్రాకారాలు, విజయనగర పనితనం అంతా ఎక్కడుంది? దిగువ ప్రహ్లాదవరదుడి గుడి చుట్టూ. ఎగువన గర్భగుడి ఒక గుహ. అక్కడా గోపురం, మంటపాలు ఉన్నాయి కానీ కొండ ఇచ్చిన జాగాకి సర్దుకున్నవే. సైన్యం, ఏనుగులు, రాళ్ళబండ్లు ఆగగలిగింది కిందనే.

ఆటోరాజా

పైన ఇల్లు కట్టాలంటే జాగా ఏది అన్నా? అటు గరుడాద్రి, ఇటు వేదాద్రి, మధ్యలో భవనాశి. వాన పడితే ఆ మధ్య కూడా మనది కాదు.

రాతిపొర

ఆటోరాజా మూడు మాటల్లో చెప్పేశారు, నేను కాస్త సాగదీస్తాను. నా ఉద్యోగం రాళ్ళతోనే.

ఆళ్ళగడ్డ నుంచి వస్తుంటే నేల చదునుగా ఉండి ఉండి, కొండలు ఒక్కసారిగా గోడ కట్టినట్టు లేస్తాయి కదా. ఆ గీత ఊరికే రాలేదు. కుందూ నది లోయలో ఉన్నవి కర్నూలు వర్గం రాళ్ళు: షేల్, సున్నపురాయి. నల్లమలవి వాటికంటే బాగా పాత రాళ్ళు. మామూలుగా పాత పొర అడుగున, కొత్త పొర పైన ఉండాలి. ఇక్కడ తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి పాత పొరలు మడతలు పడి, విరిగి, పడమరకి జరిగి కొత్త రాళ్ళ మీదికి ఎక్కాయి. ఈ సరిహద్దుని మా వాళ్ళు రుద్రవరం లైన్ అంటారు. పక్క మండలం రుద్రవరమే. అహోబిలం కనుమ ఉన్నది ఈ పడమటి అంచులో.

వయసు సంగతి: నల్లమలలోనే చెలిమ దగ్గర ఈ పొరల్ని చీల్చుకుని కింద నుంచి వచ్చిన లాంప్రోయిట్ రాయి ఉంది. దాని వయసు సుమారు 140 కోట్ల ఏళ్ళని తేలింది. చీలిన పొరలు దానికంటే ముందే ఉండాలి కాబట్టి అహోబిలం బండలు అంతకన్నా పాతవి. అప్పటికి భూమి మీద చెట్టూ లేదు, జంతువూ లేదు.

ఇక లోయ ఆకారం. ఇక్కడ రెండు రకాల రాయి ఉంది. ఒకటి క్వార్ట్‌జైట్. సముద్రపు ఇసుక గట్టిపడి, బరువుకీ వేడికీ ఇంకా బిగిసిపోయిన రాయి. సుత్తి వేస్తే సుత్తే ఎగురుతుంది. రెండోది పలకరాయి, షేల్. ఇది పొరలుగా ఊడిపోతుంది. నీళ్ళు మెత్తటిదాన్ని తినేస్తాయి, గట్టిది నిట్టనిలువు పగుళ్ళ వెంట పెద్ద పెద్ద దిమ్మెలుగా విరిగిపడుతుంది. అందుకే లోయ వెడల్పు కాకుండా లోతు పెరిగింది. అందుకే జ్వాలా నరసింహుడి దగ్గర కనిపించేలాంటి పైకప్పు బండలు, గుహలు. నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని భక్తులు నమ్మే ఉగ్రస్తంభం కూడా చుట్టూ ఉన్న రాయి పగుళ్ళ వెంట విడిపోయి పడగా ఒంటరిగా మిగిలిన దిమ్మె. భక్తులు దాన్ని ఎలా చూస్తారో నాకు తెలుసు, నేనూ అక్కడ దణ్ణం పెట్టుకునేవాణ్ణే.

ఇలాంటి లోయలో మట్టి నిలవదు. మట్టి లేకపోతే సేద్యం లేదు. సేద్యం లేని చోట గుడిని నమ్ముకున్న నలభై ఇళ్ళు ఉండొచ్చు, ఊరు ఉండదు.

మాధవి_ఆత్మకూరు

భవనాశి అంటే సంగమేశ్వరంలో కృష్ణలో కలిసే ఏడు నదుల్లో ఒకటి కదా? అహోబిలం నీళ్ళు శ్రీశైలం డ్యాములోకి వెళ్తాయన్నమాట!

రాతిపొర

పేరు ఒకటే, ఏరు వేరు మేడమ్. సంగమేశ్వరం భవనాశి మీ ఆత్మకూరు వైపు నల్లమల నుంచి ఉత్తరంగా కృష్ణకి పోతుంది. అది కలిసే చోటు ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయం కిందే ఉంటుంది. అహోబిలం భవనాశి పడమటి వాలులో దిగుతుంది. ఈ వాలు నీళ్ళన్నీ కుందూ లోయకి, అక్కడి నుంచి పెన్నాకి. ఒకే కొండల వరస, ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క పెన్నా. నల్లమల తూర్పు వాలులో పుట్టే గుండ్లకమ్మ అయితే రెండింటితోనూ సంబంధం లేకుండా నేరుగా సముద్రానికే పోతుంది.

కోటగోడ

మీరంతా రాళ్ళూ నీళ్ళూ అంటున్నారు గానీ అసలు సంగతి దాటేస్తున్నారు. 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సైన్యం అహోబిలాన్ని కొల్లగొట్టింది. రాయలిచ్చిన నగలన్నీ పోయాయి. ఊరు పెరగకపోవడానికి అదే కారణం. దోచిన ఊరు మళ్ళీ లేవదు.

శాసనాలపిచ్చి

1579 దాడి నిజం. హండె నాయకులు గోల్కొండకి సాయపడటమూ నిజం. క్షేత్రం అయిదారేళ్ళు వాళ్ళ చేతుల్లో ఉంది. కానీ కథ అక్కడ ఆగలేదండీ. మఠం జీయరు చక్రవర్తి మొదటి శ్రీరంగరాయలకి మొరపెట్టుకోవడం, కొండ్రాజు వెంకటరాజు దండెత్తి తిరిగి పట్టుకోవడం, పూజలు మొదలవడం 1584 నాటికి జరిగిపోయాయి. ఆ సంగతి అహోబిలంలోనే శాసనంగా ఉంది. ఇప్పుడు దిగువన మనం చూస్తున్న మంటపాల్లో చాలా భాగం ఆ దాడికి తట్టుకుని నిలిచినవే.

పైగా మీ లెక్క ప్రకారం దోపిడీ ఎక్కువ తగలాల్సింది దిగువకి, ఎందుకంటే సంపదా సైన్యం దారీ అక్కడే. మరి లేచి నిలబడింది దిగువే కదా? కారణం అదే అయితే ఫలితం తిరగబడి ఉండాలి.

కోటగోడ

తళ్ళికోట తర్వాత రాజధానే పోయింది. డబ్బు పెట్టే రాజు లేకుండా ఏ ఊరు పెరుగుతుంది? ఆ మాట మీదే నేనున్నా.

శాసనాలపిచ్చి

ఆ మాట ఒప్పుకుంటా. 1565 తర్వాత ఈ సీమలో రాతిపనికి పెట్టే డబ్బు తగ్గింది. కానీ అది క్షేత్రం మొత్తానికీ వర్తిస్తుంది. ఎగువకీ దిగువకీ మధ్య తేడాని అది చెప్పదు, కుందూగాలి గారు అడిగింది ఆ తేడా గురించి.

చెన్నైతెలుగు

ఇంకో ఆరేడు వందల ఏళ్ళు వెనక్కి వెళ్దాం. తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రం మీద పది పాశురాలు పాడారు. 8, 9 శతాబ్దాల మాట. 108 దివ్యదేశాల్లో అహోబిలం చేరింది వాటి వల్లే. మిగతా క్షేత్రాల గురించి పాడేటప్పుడు ఆళ్వార్లు తోటలు, తామర కొలనులు, మేడలున్న వీధులు వర్ణిస్తారు. ఇక్కడ? ఎండిన వెదుళ్ళు, మండే బండలు, గద్దలు, బాటసారుల మీద పడే విలుకాళ్ళు. దేవతలు తప్ప ఇంకెవరూ వెళ్ళలేని కొండ అంటారు. వీధి ఊసే లేదు.

పొగడటానికి వచ్చిన భక్తుడికి కూడా ఇక్కడ ఊరు కనిపించలేదు. వర్ణన కొంత కావ్య సంప్రదాయమే అనుకున్నా, ఆ విలుకాళ్ళు మాత్రం ఊహ కాదని నా నమ్మకం.

బీటుబాట

నేను అటవీశాఖలో చేసి రిటైర్ అయ్యాను, ఈ పక్క రేంజిల్లో తిరిగినవాణ్ణి. పాత రాజుల సంగతి మీరు చూసుకోండి. గత నూట నలభై ఏళ్ళ సంగతి నేను చెప్తా.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాని కింద నల్లమలని బ్లాకులు బ్లాకులుగా రిజర్వు చేశారు. ఒకసారి రిజర్వు అయ్యాక లోపల కొత్త పట్టా లేదు, కొత్త ఇల్లు లేదు, చెట్టు కొట్టడం లేదు. గుడి, మఠం, సత్రాలు ఉన్న ముక్క తప్ప మిగతాదంతా అడవే. 1980లో కేంద్ర అటవీ సంరక్షణ చట్టం వచ్చాక రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా ఢిల్లీ దాకా ఫైలు నడవాలి. ఎవరైనా ఎగువన పది అంతస్తుల హోటల్ కట్టాలనుకున్నా కుదరదు. కుదరకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అడవి గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. ఇది ఆకురాల్చే అడవి. మాఘం దాటాక వెళ్తే కొండంతా బోడిగా ఉంటుంది, ఆషాఢంలో వెళ్తే అదే కొండని గుర్తుపట్టలేరు. నల్లమద్ది, ఏపె, చిరుమాను, వెదురు. దక్షిణానికి వచ్చేకొద్దీ ఎర్రచందనం. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, వెలికొండ, లంకమల, నల్లమల దక్షిణ కొస, ఈ చుట్టుపక్కలే. దాంతో మా వాళ్ళకి భక్తుల కంటే దొంగలతోనే టెన్షన్ ఎక్కువ.

పులి సంగతి కూడా చెప్పాలి. ఉత్తరాన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు, దాని కింద గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. అక్కడి నుంచి లంకమల మీదుగా శేషాచలం దాకా పులులు దిగే దారి ఈ కొండల వెంటే. అహోబిలం ఆ దారి మీద కూర్చుని ఉంది. పావన నరసింహుడి గుడికి అడవిలో జీపు దారి ఉందిగా, అక్కడ చీకటి పడ్డాక ఉండకూడదని చెప్పేది అందుకే. చిరుత, ఎలుగు అయితే మామూలే. పులి కంటే ఎలుగుకే భయపడండి.

పార్వేటబిడ్డ

ఇన్ని పోస్టులు చదివాను. అందరూ ఊరు కనుమలో ఎందుకు లేదని అడుగుతున్నారు. మాది స్వామి పల్లకీ వచ్చే ఊరు. మేము ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు, ఎందుకంటే మా దృష్టిలో అహోబిలం ఊరంటే మేమే.

తెలియనివాళ్ళకి: కనుమ పండగ నాడు పార్వేట మొదలవుతుంది. జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు ఒకే పల్లకీలో బయల్దేరతాయి. చెంచులు బాణాలు వేసి సాగనంపుతారు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు. ప్రతి ఊళ్ళో పల్లకీ దించడానికి ‘తెలుపు’ అనే చోటు ఉంటుంది. కొన్ని చోట్ల రాతి మంటపం, కొన్ని చోట్ల ఊరికే అరుగు. ఏ ఊళ్ళో ఏ రోజు, ఏ తెలుపు మీద ఎంతసేపు, ముందు ఎవరి పూజ, పల్లకీ మోసేది ఏ ఇంటివాళ్ళు, అన్నీ తరాల నుంచి వస్తున్న లెక్కలే. స్వామి తన పెళ్ళికి పిలవడానికి తానే వస్తాడని మా నమ్మకం. తిరిగి వెళ్ళాక ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, చెంచులక్ష్మితో పెళ్ళి.

ఇప్పుడు రాతిపొర సార్ మాట గుర్తు చేసుకోండి: కనుమలో మట్టి లేదు. మట్టి ఉన్నది మా దగ్గర. గుడికి ధాన్యం, పాలు, మనుషులు, పల్లకీ బోయీలు, అన్నీ ఈ ఊళ్ళ నుంచే. తిరుమలలా అందరూ పైకెక్కి అక్కడే స్థిరపడే ఏర్పాటు కాదు ఇది. దేవుడే దిగివచ్చి ఊళ్ళన్నీ చుట్టి వెళ్ళే ఏర్పాటు. ఊరు పెరగలేదనడం నాకు సరిగ్గా అనిపించదు. అది పక్కకి పరుచుకుంది.

కుందూగాలి

పార్వేటబిడ్డ గారూ, ఈ కోణం నాకు అసలు తట్టలేదు. పల్లకీ మా వైపు దాకా రాదు కాబట్టి కాబోలు. ఒక్క సందేహం. ఈ ఊళ్ళన్నీ దాదాపు కొండ పాదం నుంచి కుందూ వరకే ఉన్నాయా? కొండకి అవతల, గిద్దలూరు వైపు ఊళ్ళు ఎందుకు లేవు?

పార్వేటబిడ్డ

అవునండీ, ఆళ్ళగడ్డ, రుద్రవరం, ఉయ్యాలవాడ, చాగలమర్రి మండలాలు, ఈ చుట్టుపక్కలే. అవతలికి వెళ్ళదు.

రాతిపొర

పల్లకీతో నల్లమల దాటడం మాటలు కాదు. ఈ కొండలు ఉత్తర దక్షిణాలుగా మడతలు మడతలుగా ఉంటాయి. ఒకటి ఎక్కి దిగితే ఇంకోటి. అడ్డంగా పోయే కనుమలు తక్కువ. నంద్యాల–గిద్దలూరు దారి, గుంటూరు రైలు మార్గం, రెండూ అలాంటి చోటు వెతుక్కునే పోయాయి. అహోబిలం కనుమ కొండలోకి తీసుకెళ్తుంది గానీ అవతలికి దాటించదు. బండ్లు, సరుకు, సంత దాటే దారి మీద ఉన్న ఊరికి గుడి లేకపోయినా బతుకు ఉంటుంది. దారి అక్కడితో ఆగిపోయే ఊరికి గుడి ఒక్కటే ఆధారం.

శాసనాలపిచ్చి

ఇది చాలా ముఖ్యమైన మాట. శ్రీశైలానికి నాలుగు దిక్కుల నుంచీ దారులు ఉండేవి: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, నాలుగూ ద్వారాలే. 1677లో శివాజీ వెళ్ళాడు, 1794లో శాసనాలూ స్థానిక చరిత్రలూ సేకరించిన మెకంజీ వెళ్ళాడు. తర్వాత ఆనకట్ట వచ్చి వేలమంది కార్మికులు దిగారు, సున్నిపెంట పుట్టింది. అహోబిలానికి ఒకే ద్వారం, పడమటి వైపు. ఆ ద్వారం దగ్గరే దిగువ అహోబిలం ఉంది.

దారినపోయేవాడు

మఠానిదా, ప్రభుత్వానిదా అన్న గొడవ వల్లే అభివృద్ధి ఆగిందంటారు. నిజమేనా?

శాసనాలపిచ్చి

గుడి మఠంలో భాగమేనని, ప్రభుత్వం అక్కడ కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో వేలు పెట్టలేదు. అయిదారు వందల ఏళ్ళ ప్రశ్నకి మొన్నటి కేసు ఎలా కారణమవుతుంది? దీని మీద వాదించుకోవాలంటే వేరే చర్చ తెరవండి, ఇక్కడ వద్దు.

మాధవి_ఆత్మకూరు

చెంచుల గురించి ఒక్కరే, అదీ పార్వేట వరకే చెప్పారు. అడవిలో మొదటి నుంచీ ఉన్నది వాళ్ళు. మరి వాళ్ళ ఊరు కనుమలో ఎందుకు లేదు?

బీటుబాట

ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. కానీ మనం ఊరు అనుకునే లెక్కలో కాదు. చెంచు పెంట అంటే కొద్దిపాటి గుడిసెలు. నీళ్ళు, తేనె, దుంపలు ఉన్న చోటుని బట్టి జరిగేవి. అలాంటి బతుక్కి కనుమ బాగా సరిపోతుంది, వీధులు వేసుకునే బతుక్కి సరిపోదు. రిజర్వు చేశాక వాళ్ళ కదలికలకీ కట్టడి వచ్చింది, తర్వాత కాలనీలు కట్టి కొందరిని అంచులకి తెచ్చారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొందరికి పట్టాలు వచ్చాయి, అందరికీ కాదు. ఏడాదికొకసారి బాణం వేయించి ఫొటోలు తీసుకునేవాళ్ళు మిగతా రోజుల్లో ఆ కాలనీల్లో నీళ్ళు వస్తున్నాయో లేదో కూడా చూడాలి.

ఆటోరాజా

కింద మాత్రం తెలుగు గంగ కాలువ వచ్చాక రూపే మారింది సార్. కొండ పాదం వెంటే పోతుంది కదా, వెలుగోడు నుంచి బ్రహ్మంసాగర్ దాకా. మా నాయన కాలంలో జొన్న వేసిన చేలల్లో ఇప్పుడు వరి. స్వాతి నక్షత్రం రోజు వస్తే దిగువన రూము దొరకదు. పైన రూములే తక్కువ, ఇక దొరికేదేముంది.

కుందూగాలి

వచ్చే నెల పిల్లల్ని తీసుకుని వెళ్తున్నాను. రాతిపొర గారూ, ఆ సముద్రపు ఇసుక సంగతి వాళ్ళకి కళ్ళారా చూపించాలంటే ఎక్కడ ఆగాలి?

రాతిపొర

ఎగువ గుడి దాటి జ్వాలా నరసింహుడి వైపు వెళ్ళే బాటలో భవనాశి పక్కన పలకలుగా విరిగిపడ్డ బండలు చూడండి. కొన్నిటి మీద వరసగా సన్నటి గట్లు ఉంటాయి. అవి అలల గుర్తులు, లోతు తక్కువ నీళ్ళలో ఇసుక మీద ఏర్పడి అలాగే రాయి అయిపోయినవి. ఉదయం తొమ్మిది లోపు ఏటవాలు వెలుగులో బాగా తెలుస్తాయి, మధ్యాహ్నం ఏమీ కనపడదు. రాయి పగలగొట్టి తెచ్చుకోవద్దని పిల్లలకి ముందే చెప్పండి, అది రిజర్వు అడవి.

బీటుబాట

పైన కొండల్లో మబ్బు కనిపిస్తే ఏటిలోకి దిగొద్దు. మీ దగ్గర చినుకు పడకపోయినా నీళ్ళు వచ్చేస్తాయి. బిస్కెట్లు చేతిలో పట్టుకుని నడవకండి, కోతులున్నాయి.